మంద మేసిన సంచులు

దవడ వదలడం లేదు. గొర్రె తలను నా మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పెదవి పక్కనుంచి వేలు దూర్చి, నోట్లో మిగిలిన సంచి ముక్కను లాగుతున్నాను. లాగేకొద్దీ సాగుతోంది. గొర్రె మాత్రం నా వైపు చూస్తూ నములుతూనే ఉంది, దాని కూడు నేను లాక్కుంటున్నట్టు. చివరికి ఒక పీలిక తెగి నా చేతిలోకి వచ్చింది. మిగతాది గుటుక్కున లోపలికి పోయింది.

ఆ పీలిక మీద పచ్చ అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి. నేలలో కలిసిపోతుంది అని మా ఆఫీసు వాళ్లు తెలుగులో వేయించిన అక్షరాలు. వాటిని కంప్యూటర్లో కొట్టింది నేనే.

చుట్టూ చూశాను. ముళ్లకంప చుట్టిన నిమ్మ మొక్కల పాదుల పక్కన, గట్ల మీద, నిన్న సాయంత్రం దాకా పడి ఉన్న సంచులు ఇప్పుడు లేవు. అక్కడొకటి ఇక్కడొకటి గొర్రెల కాళ్ల కింద నలిగి, పెంటికల్లో కలిసి కనబడ్డాయి. మిగతావి ఎక్కడికి పోయాయో ఒకరు చెప్పాల్సిన పని లేదు. మంద మొత్తం చుట్టూ కట్టిన వల లోపల లేచి నిలబడి ఉంది. రోజూ ఆ వేళకు సగం గొర్రెలు పడుకుని కళ్లు మూసుకుని నెమరు వేస్తుంటాయి. ఆ రోజు నెమరు వేసే దవడ ఒక్కటి కూడా లేదు.

నాయన వలకు అవతల నిలబడి తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు. భయం వేస్తే ఆయన చేసే పని అదొక్కటే.

"ఇవి మీ సంచులేనా పాపా?"

"మావే నాయనా."

"మట్టయిపోతాది అంటివే."

"మట్టిలో ఉంటే అయిపోతాది."

ఆయన గొర్రెల వైపు చూశాడు. "కడుపులో ఉంటే?"

నేను ఆ పీలికను గుప్పిట్లో మూసుకున్నాను.

ఇప్పుడు ఉదయగిరిలో నేను చిన్న నెట్ సెంటర్ పెట్టుకుని ఉన్నాను. అప్లికేషన్లు పెట్టుకోవడానికి వచ్చే ఆడపిల్లలు అడుగుతుంటారు, అక్కా, నువ్వు ఆత్మకూరులో ఏదో సైన్సు ఆఫీసులో చేశావంట గదా, కంప్యూటర్ ఉద్యోగమంటే చల్లగా కూర్చుని చేసే పనే గదా అని. ఏసీ ఉండేది, నిజమే. అది మా కోసం కాదు, కంప్యూటర్ల కోసం. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది, నాకు మాటలు మొదలైతే ఆగవు కూడా. అందుకని ఒకసారి రాసి పెడుతున్నా. ఓపికుంటే చదవండి.

నా చదువు ఇంటర్ దాకానే. తర్వాత ఆత్మకూరులో కంప్యూటర్ కోర్సు చేశాను. బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు పైన రెండు గదుల ఆఫీసులో మనిషి కావాలంటే వెళ్లాను. అక్కడ ఒక సారు, ఒక మేడమ్. సారు పెద్ద ఊళ్లలో పని చేసి, మన పక్క రైతులకు ఏదైనా చేయాలని వచ్చిన మనిషి. మేడమ్ నాకంటే కొంచెమే పెద్దది, కెమిస్ట్రీలో డాక్టరేటు. మొక్కల నర్సరీల్లో నల్ల ప్లాస్టిక్ సంచులు ఉంటాయి కదా, వాటి బదులు మొక్కజొన్న పిండి లాంటి వాటితో చేసిన సంచులు తేవాలని వాళ్ల ప్రయత్నం. వేరే ఊళ్లో మిషను మీద సంచులు చేసేవాళ్లు. ఎలాంటి సరుకు కలిపితే ఎంత తొందరగా విడిపోతుందో ముందు కంప్యూటర్లో చూసేవాళ్లం.

ఎలా చూస్తారంటే, స్క్రీను మీద ఒక పెట్టె. అందులో దారాలు దారాలుగా సేమ్యా లాంటివి ఉంటాయి. సంచి సరుకును మనం ఊహించలేనంత చిన్నగా చూస్తే అదే. చుట్టూ నీళ్లు, అవీ చుక్కలు కాదు, చుక్కలో చుక్కలో చుక్క. పెట్టెకు ఇంత వేడి అని ఒక అంకె ఇస్తాం. ఇక కంప్యూటర్ కూర్చుని ఏది దేన్ని నెడుతుంది, ఏది దేన్ని లాగుతుంది అని లెక్క వేస్తూ పోతుంది. నీళ్లు దారాల మధ్యకు ఎలా దూరుతున్నాయి, దారం ఎక్కడ తెగేలా ఉంది, అది బొమ్మలుగా వస్తుంది. ఆ లెక్కలు మేడమ్‌వి. నా పని ఫైళ్లు వరసలో పెట్టడం, ఆగిపోకుండా కాపలా కాయడం, బొమ్మలు దాచడం. ఇంట్లో మాత్రం, సంచి కరుగుతుందో లేదో కంప్యూటర్లో నానబెట్టి చూస్తామని చెప్పాను. మా అవ్వ బుగ్గన వేలేసుకుంది. "నానబెట్టేదానికి జీతమిస్తారంటనే" అని ఊరంతా చెప్పింది.

ఉదయగిరి దారిలో ఒక నిమ్మతోట రైతు మా సంచుల్లో పెంచిన మొక్కలు కొన్నాడు. మొక్కలు నాటించి, సంచులు చించి అక్కడే వదిలేయమని కూలీలకు చెప్పాడు. మేం చెప్పమన్నదే చెప్పాడు. మట్టిలో కలిసిపోయేదాన్ని ఏరడం దేనికి? తర్వాత ఆ కొత్త తోటకు ఎరువు కావాలని మా నాయనను మంద కట్టమన్నాడు. మన పక్క తెలియనిది కాదు, పొలంలో వల చుట్టి గొర్రెలను రాత్రిళ్లు అక్కడే ఉంచితే నేలకు బలం. మా నాయన ఎండాకాలమంతా అలా పొలం మార్చి పొలం మంద కడతాడు. అదీ ఎప్పటినుంచో చేస్తున్నదే. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. ఆ రెండు పనులు ఒకే నేల మీద కలుస్తాయని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆ సంచులు కొంచెం తడిస్తే గంజి వాసన వస్తాయి. ఎండాకాలం, మేత లేదు, గొర్రెలకు గంజి వాసన తగిలింది. ఇక చూసుకోండి.

నేను పొద్దున్నే నాయనకు సద్దికూడు ఇచ్చి, అక్కడే రోడ్డు మీద ఆత్మకూరు బస్సు ఎక్కేదాన్ని. ఆ రోజు కూడా అలాగే వెళ్లి, ఇదంతా చూశాను.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన వరికుంటపాడు వైపు ఏదో క్యాంపులో ఉన్నాడు, రేపు పొద్దునకు గానీ రాలేనన్నాడు. నూనె పట్టండి, కూలబడనీయకండి, నడిపిస్తూ ఉండండి అన్నాడు. నెమరు మొదలైతే గండం గడిచినట్టే, రేపు పొద్దునకు కూడా నెమరు వేయకపోతే కష్టమమ్మా అని పెట్టేశాడు. నాతో వచ్చిన అమ్మ ఊళ్లోకి నూనె కోసం పరిగెత్తింది. నాయన నన్ను చూసి, "నువ్వీడుండి ఏం చేస్తావు, పోయి మీ సారును అడుగు, లోపలికి పోయినది ఏమవుతాదో" అన్నాడు.

మీకు తెలియాలి, మాకు పొలం లేదు. ఆ మంద తప్ప ఇంకేం లేదు. నా ఇంటర్ ఫీజు పొట్టేళ్లు, అవ్వ కంటి ఆపరేషను పొట్టేళ్లు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ పీలికను వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, ఆత్మకూరు దాకా అదే చేశాను. అది తెగితే మంచిదా, తెగకపోతే మంచిదా, అది కూడా తెలియలేదు నాకు.

విన్నాక సారు కుర్చీలో కూర్చోలేదు, కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. సంచిలో విషం లేదమ్మా, అదైతే నాకు తెలుసు అన్నాడు. ఆ సంగతి ఒకటికి మూడుసార్లు చెప్పాడు. మేడమ్ మాత్రం, విషం గురించి కాదు సార్, ముద్ద కడుతుందా విడిపోతుందా అన్నదే భయం అంది. ముద్ద కడితే దారి మూసుకుపోతుంది. ఊళ్లో పాలిథిన్ కవర్లు మేసిన ఆవు పొట్ట కోసినప్పుడు బయటపడ్డ ముద్దను చిన్నప్పుడు చూశాను. చాకు దిగలేదు దానికి.

మేడమ్ కంప్యూటర్లో పాత పెట్టె ఒకటి తెరిచింది. అదే దారాలు, అదే పిండి, అవే నీళ్లు. మేం ఎప్పుడూ నేల వేడి ఇచ్చి చూసేవాళ్లం. ఇప్పుడు గొర్రె కడుపు వేడి ఇవ్వాలి, కొంచెం పులుపు కలపాలి. గొర్రె ఒంట్లో వేడి ఎంతుంటుంది అని నన్ను అడిగింది. గొర్రెల్లో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియదు. చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుందని తెలుసు, అంతే. మేడమ్ ఫోన్లో చూసి ఒక అంకె వేసింది. వేస్తూనే, ఇది ఎక్కడి గొర్రెదో, మన ఎండలో మన గొర్రెది ఎంతో అని తనలో తను అనుకుంది. ఆ మాట నాకు ముల్లులా దిగబడిపోయింది.

లెక్క మొదలైంది. ఇక చేసేదేమీ లేదు, చూస్తూ కూర్చోవడమే. అమ్మ ఫోన్ చేసి ఒక్కో సంగతి చెబుతోంది. నూనె పట్టాం. గంటగొర్రె పడుకుంది, లేపినా లేవడం లేదు. బద్వేలు వైపు బేరగాడికి ఎవరో చెప్పేశారంట, సాయంత్రానికి ట్రాలీ ఆటో తెస్తున్నాడంట. జబ్బు మందను సగం ధరకు తోలుకుపోయేవాళ్లు ఉంటారు మాకు. ప్రాణం ఉండగానే అమ్ముకుంటే ఏదో ఇంత, పోయాక ఏమీ లేదు. ఆ మాంసం ఎవరు తింటారో, ఎక్కడ తింటారో, అది ఎవరూ మాట్లాడరు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది గానీ ఏసీని మోయదు. నాకు అలవాటే, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేశాను. కంప్యూటర్లు వేడెక్కడం మొదలైంది. వేడెక్కితే వాటంతట అవే ఆగిపోతాయి, లెక్క మొదటికి వస్తుంది. మేడమ్ ఒక అట్ట తీసుకుంది, నేను ఒకటి తీసుకున్నాను. పక్కకు చూస్తే సారు మోకాళ్ల మీద కూర్చుని కింద కొట్లో ఇచ్చిన క్యాలెండర్‌తో విసురుతున్నాడు. అంత చదువుకున్న మనిషి చొక్కా అంతా చెమట. ఇంకో రోజైతే నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. ముగ్గురం ఆ డబ్బాలకు విసురుతూ కూర్చున్నాం, జ్వరం వచ్చిన బిడ్డకు విసిరినట్టు.

కరెంటు వచ్చింది. లెక్క ఆగలేదు. మేడమ్ బొమ్మలు తెరిచింది. నీళ్లు దారాల మధ్యకు దూరిపోయాయి. పిండి వదులై బయటకు వస్తోంది. దారాలు ఒకదానికొకటి దూరం జరిగాయి. కానీ దారం తెగలేదు.

సారు గట్టిగా ఊపిరి వదిలాడు. "మెత్తబడిపోతోంది చూశావా. నాన్నకు ఫోన్ చేసి చెప్పమ్మా, ఏమీ కాదని కంప్యూటర్ చెప్పిందని."

"కంప్యూటర్ అలా చెప్పలేదు సార్," అంది మేడమ్.

తర్వాత నా వైపు తిరిగి నిదానంగా చెప్పింది. ఈ బొమ్మలో జరిగినదంతా నువ్వు రెప్ప వేసే లోపల కాదు, రెప్ప వేయాలని అనుకునే లోపల కూడా కాదు, అంతకంటే చిన్న క్షణం. నీళ్లు దూరతాయని మాత్రం తెలిసింది. రేపు పొద్దునకు గొర్రె కడుపులో ఏమవుతుందో దీనికి తెలియదు. నాకూ తెలియదు.

సారు చెడ్డ మనిషి కాదు, ఆ రోజు నాకంటే ఆయనే ఎక్కువ భయపడ్డాడు. తోట రైతుకు మాట ఇచ్చింది ఆయన. నేను ఫోన్ పట్టుకున్నాను. నాయన నంబరు నొక్కాను, రింగు వెళ్లింది. ఏమీ కాదంట నాయనా, ఈ ఒక్క మాట చెబితే ఆయన గుండె కుదుటపడుతుంది. చెప్పాలని ఎంత ఉందో. ఆయన ఎత్తేలోపలే కట్ చేశాను. మేడమ్ తన బ్యాగు తీసుకుని, పద, చూద్దాం అంది.

మేం బస్సు దిగేసరికి ట్రాలీ ఆటో వచ్చేసి ఉంది. బేరగాడు వల పక్కన గొంతుక్కూర్చుని బీడీ తాగుతున్నాడు. మా నాయనను మావా అని పిలుస్తాడు గానీ చుట్టరికం ఏమీ లేదు, బేరం చుట్టరికం. అమ్మ నూనె చేతులతో ఒక్కో గొర్రెనూ నడిపిస్తోంది. గంటగొర్రె పక్కకు పడి ఉంది. ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. పళ్లు కొరుకుతోంది, ఆ చప్పుడు రోడ్డు మీదికే వినబడింది. మందకు ముందు నడిచేది అదే. అన్నిటికంటే తెలివిగలది, అన్నిటికంటే ఎక్కువ సంచులు మేసింది కూడా అదే అయి ఉంటుంది.

"చదువుకున్న బిడ్డ వచ్చినాది గదా మావా," అన్నాడు బేరగాడు, "ఏమంటుండాదో అడుగు కంప్యూటరు. అది చెప్పే లోపల నీకు తోళ్లు కూడా మిగలవు."

నాయన నన్ను అడగలేదు. "కంప్యూటరు మా గొర్రెను చూడలే గదా," అన్నాడు వాడితోనే. తర్వాత గంటగొర్రె మెడలో గంట విప్పి తన జేబులో వేసుకున్నాడు. "ఇది ఎట్లాగూ బతకదు. ప్రాణముండంగానే కొయ్యి. కోసి పొట్ట తెరువు. లోపల ఏముండాదో నా కండ్లతో నేను చూడాల."

ఎప్పుడూ తన గొర్రెను తన ముందు కోయనివ్వని మనిషి. కోస్తున్నంత సేపూ అటు తిరిగి ఉదయగిరి కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు. నేనూ చూడలేదు. మేడమ్ ఒక్కతే చూసింది.

పొట్ట తెరిచాక గడ్డి, ఆకు, ఆ పులిసిన వాసన. మేడమ్ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇంకో నిమిషానికి చున్నీ తీసేసి, మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి లోపల పెట్టింది. బేరగాడి బీడీ ఆరిపోయింది. ఆమె తీసిన సంచి ముక్కలు పొద్దున నేను లాగినట్టు సాగలేదు. చల్లారిన గంజి మీద తెట్టు కడుతుంది చూడండి, అలా ఉన్నాయి. నా అరచేతిలో పెట్టింది. బొటనవేలితో రాస్తే విడిపోయాయి. మధ్యాహ్నం స్క్రీను మీద చూసిందే, దారాల మధ్యకు నీళ్లు దూరి వదులైపోయిన బొమ్మ, నా చేతిలో వెచ్చగా, కంపు కొడుతూ ఉంది. ముద్ద కాలేదు నాయనా అన్నాను.

బేరగాడు లేచి దుమ్ము దులుపుకున్నాడు. అంతవరకు చెప్పిన ధర వదిలి, ఇంకొంచెం పైకి చెప్పాడు. నీ మొహం చూసి పెంచుతున్నా మావా అన్నాడు. నాయన వాడిని తేరిపార చూశాడు. మెల్లగా అన్నాడు, "చచ్చే మందకు ధర పెంచే మొనగాడివి నువ్వు కాదే."

అదే సమయంలో మేడమ్ చెయ్యి ఆగింది. పొట్ట నుంచి దారి సన్నబడే చోట ఏదో తగిలింది. లాగితే గడ్డితో పెనవేసుకుపోయిన పీలికలు, జడలా. అవి మెత్తబడలేదు. గోటితో గీరినా దిగలేదు. సంచి అడుగున వేడి మిషనుతో అతికించిన అంచు అది. గంటగొర్రెను చంపింది అదే.

మేడమ్ ఆ అంచును వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అతికించే వేడికి దారాలు పక్కపక్కనే గట్టిగా సర్దుకుంటాయి, వాటి మధ్యకు నీళ్లు దూరవు అంది చివరికి. "నేను ఎప్పుడూ సంచి మధ్య ముక్కనే పెట్టెలో పెట్టాను. అంచు పెట్టలేదు."

ఆమెను ఓదార్చే తీరిక లేదు నాకు. వల లోపలికి వెళ్లి నేల మీద వెతకడం మొదలుపెట్టాను. అమ్మ వచ్చింది, మేడమ్ చేతులు కడుక్కోకుండానే వచ్చింది. పెంటికల్లో, పాదుల్లో, గొర్రెల కాళ్ల సందుల్లో సంచి అడుగులు. గట్టిగా ఉన్న చోటు వదిలేసి మెత్తటి చోటే మేశాయి చాలా గొర్రెలు. మట్టి ఎత్తే గమేళా ఒకటి నిండింది. కొంచెం ఊపిరి వచ్చింది. కానీ తోటకు వచ్చిన మొక్కలతో పోలిస్తే అవి చాలవు. మిగతా అడుగులు ఏ గొర్రె కడుపులో ఉన్నాయో చెప్పేవాళ్లు లేరు. అన్నీ ఒకేలా నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి.

పొద్దు కొండ మీదికి వాలింది. ఇప్పుడు ఒక మాట చెప్పు, చీకటి పడితే నేను పోతా అన్నాడు బేరగాడు. నాయన నా దగ్గరకు వచ్చాడు. పొద్దున్నించి మొదటిసారి సూటిగా నన్ను అడిగాడు.

"నువ్వు చెప్పు పాపా. ఉంచేదా, తోలేదా?"

ఇంటికి చదువుకున్న మనిషిని నేనే. జీతం తెచ్చేదాన్ని, అన్నీ తెలిసినట్టు మాట్లాడేదాన్ని. పక్కన మేడమ్ ఉంది, ఆమె కూడా నన్నే చూస్తోంది.

"మెత్తటిది పోతాది నాయనా, చూసినాం గదా. అంచు మింగినవాటికి ఏమవుతాదో నాకు తెలీదు. ఎన్ని మింగినాయో కూడా తెలీదు."

నాయన తలగుడ్డ విప్పాడు. నేను కళ్లు దించుకున్నాను. కానీ ఆయన మళ్లీ చుట్టుకోలేదు, దాంతో మొహం తుడుచుకున్నాడు.

"పొద్దున్నించి అందరూ తెలుసనే చెప్తుండారు," అన్నాడు. "నాకిప్పుడు ఎంత తెలుసో ఎంత తెలీదో తెలిసినాది. నువ్వు పో అబ్బయ్యా. ఆటో తిప్పుకో."

బేరగాడు పోతూ పోతూ, రేపు నువ్వే ఫోన్ చేస్తావులే మావా అన్నాడు. ఆ మాట ఆటో వెళ్లిపోయాక కూడా అక్కడే ఉండిపోయింది.

ఆ తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు చివరి దాకా గోళ్లు కొరుక్కుంటారు. ఆ వారంలో ఇంకో ముసలి గొర్రె పోయింది. మంద నిలబడింది. సారు తనే తోటకు వచ్చి నాయనతో, రైతుతో మాట్లాడాడు. సంచి మీద అక్షరాలు మార్పించాడు, ఏరి గుంటలో పూడ్చండి, పశువులకు అందనీయకండి అని. అవీ నేనే కొట్టాను. అడుగు అతికించే పద్ధతి మార్చడానికి మేడమ్ చాలా కాలం కుస్తీ పట్టింది. ఆఫీసు వేరే ఊరికి వెళ్లిపోయేదాకా నేను అక్కడే చేశాను. ఇప్పుడు కూడా ఎవరైనా స్క్రీను చూపించి కంప్యూటర్ చెప్పింది అంటే, ఏ ముక్కను పెట్టి అడిగారు దాన్ని అని నా నోరు ఊరుకోదు. మా నెట్ సెంటర్లో కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని వచ్చేవాళ్లను కూడా అలాగే అడుగుతాను, తిట్టుకుంటారు.

కానీ ఆ సాయంత్రం ఇవేవీ మాకు తెలియవు కదా. మేడమ్‌ను చివరి బస్సు ఎక్కించాను. నాయన మంద దగ్గరే ఉండిపోయాడు. డాక్టరు చెప్పిన గడువు పొద్దునే.

తెల్లవారుతుండగా నేను బయలుదేరుతుంటే అవ్వ గుమ్మంలో పట్టుకుంది. నా చేతిలో ఆమె జ్వరం చూసే థర్మామీటరు ఉంది. "అది నా నోట్లో పెట్టుకునేది, యాడికే?" అంది. గొర్రెకు అన్నాను. ఎక్కడ పెడతావో చెప్పమని అడిగింది, చెప్పకుండా పరిగెత్తాను.

తోట కనబడింది. దూరం నుంచి మంద మొత్తం ఒక మబ్బులా ఉంది, ఏది నిలబడిందో ఏది పడిపోయిందో తెలియడం లేదు. దగ్గరకు వెళ్లాక, వల పక్కన పడుకున్న ఒక గొర్రె దవడ ఆడటం చూశాను. నిదానంగా, పక్కకు, మళ్లీ పక్కకు. దాని వెనక ఇంకోటి. అన్నీ కాదు. కొన్ని ఇంకా ఊరికే నిలబడి ఉన్నాయి. డాక్టరు ఇంకా రాలేదు. నాయన నోట్లో వేపపుల్ల పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. ఏందది అన్నాడు నా చేతిలోది చూసి. చెప్పాను. ఒకసారి నా మొహం చూసి, పుల్ల పారేసి, వలలోకి దిగి, నిలబడి ఉన్న గొర్రెను ఒకదాన్ని నడుం దగ్గర పట్టుకున్నాడు.

తోక ఎత్తి థర్మామీటరు పెట్టాను. అది కీచుమనగానే గొర్రె ఎగిరింది, నాయన వెనక్కు కూలబడ్డాడు. ఆయన నోటి నుంచి నవ్వు లాంటిది ఒకటి వచ్చింది, నిన్నటి నుంచి మొదటిది. నెమరు వేసేవాటిలో ఒకదానికి, వేయనివాటిలో ఒకదానికి, ఎండ కొంచెం ఎక్కాక ఇంకోదానికి పెట్టి చూశాం. కాగితం లేదు. అంకెలన్నీ ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను, ఏ అంకె ఏ గొర్రెదో గుర్తుగా దాని రంగు కూడా. గంటగొర్రె పొట్టలో దొరికిన అంచు పీలికలను బోరు నీళ్లలో కడిగి మేడమ్‌కు ఇవ్వాలని చున్నీ కొంగున ముడి వేసుకున్నాను.

ఆత్మకూరు బస్సు వచ్చింది. ఎక్కాను. కండక్టరు టికెట్ అంటే కుడిచేత్తో డబ్బులిచ్చి, కుడిచేత్తోనే టికెట్ తీసుకున్నాను. ఎడమచేతిని తెరిచి, చెమటకు చెరిగిపోకుండా కిటికీ బయట గాలికి పెట్టుకుని కూర్చున్నాను.